సుగుణ అడిగిన రెండో కార్డు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక డిసెంబరులో, నన్ను సోలాపూర్‌లో కుమఠా నాకా దగ్గరి శాఖకు అసిస్టెంట్ మేనేజర్‌గా వేశారు. అది నేను పుట్టి పెరిగిన ఊరే. అక్కడి ఖాతాదారుల్లో సగానికి సగం మన తెలుగు నేతవాళ్ళు. పొదుపు ఖాతాలతో పాటు క్రెడిట్ కార్డుల దరఖాస్తులూ నా బల్ల మీదికే వచ్చేవి. దరఖాస్తు నింపడం, కాగితాలు సరిచూడడం మా పని. మంజూరు చేసేది ముంబయిలోని కార్డుల విభాగం.

జనవరిలో రాజేశం, అతని భార్య సుగుణ వచ్చారు. అతను కార్ఖానాలో సాంచా, అంటే మరమగ్గం, నడుపుతాడు. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. ఆమె చేతిలో ఒక నోటు పుస్తకం, అందులో గళ్ళు గీసి రాసుకున్న పథకం. మా కార్డు తీసుకుని మూడు నెలల్లో నిర్ణీత మొత్తం ఖర్చు పెడితే స్వాగత పాయింట్లు వస్తాయి. ఒక కార్డు పాయింట్లతో ఒకరికి రానూపోనూ విమాన టికెట్టు దొరుకుతుంది. ఇద్దరికీ చెరో కార్డు కావాలి, కానీ ఒకేసారి వద్దంది.

"ఒక్కపారి తీసుకుంటే ఖర్చు రెండు దిక్కుల పంచుకపోతది సాహెబ్, ఏ కార్డుకూ నిండదు. ముందుగాల ఈయనది. అది నిండినంక నాది."

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో కార్డు నిబంధనలు అంత శ్రద్ధగా చదివి వచ్చిన మనిషిని నేను చూడలేదు. ప్రయాణం ఎక్కడికని అడిగాను. కొచ్చికి, సముద్రం చూడడానికి, అంది. రాఖీ పున్నమికి సాంచాలు ఆగుతాయి. అప్పుడు వెళ్ళాలి.

"ఏ ఊరైతే ఏంది సాహెబ్, పక్కపక్క సీట్లుండాలె. ఈయనది రాత్రపాళి, నాది పొద్దంత పని. ఒక్కదిక్కు కూసున్నదే తక్కువ."

రాజేశం నవ్వి, "ఆమె ఎట్ల చెప్తె అట్ల రాయండి," అన్నాడు. నేను చెవిన పెట్టవలసింది ఆ ఒక్క మాటే, పెట్టలేదు.

అతని కార్డు మార్చిలోగా నిండింది. ఏప్రిల్లో ఆమె వంతు వచ్చింది. దరఖాస్తులో వృత్తి అనే గడి ఉంటుంది. ఆమెను అడగకుండానే అందులో 'గృహిణి' అని రాశాను. మా వాడల్లో బీడీలు చుట్టడం గడప దగ్గర, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే సాగిపోతుంది. చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి కనుక అది నా కంటికి ఇంటిపనిలో కలిసిపోయింది. ఆ మాట రాస్తే ఆదాయం లేనట్టు లెక్క, స్వతంత్ర కార్డు రాదు. అందుకని భర్త ఖాతాకు అనుబంధంగా ఒక కార్డు ఇప్పించాను. త్వరగా వస్తుందని గొప్పగా చెప్పాను కూడా. ఆమె నన్ను నమ్మి సంతకం పెట్టింది.

జూలైలో టికెట్లు తీసుకుందామని ఇద్దరూ వచ్చారు.

"ఆయన పాయింట్లు వచ్చినయ్ సాహెబ్. నావి ఎక్కడున్నయ్?"

కంప్యూటర్‌లో చూస్తే ఆమె పేరున కార్డు ఖాతాయే లేదు. అనుబంధ కార్డుకు స్వాగత పాయింట్లు ఉండవు. మూడు నెలలు ఆమె లెక్క తప్పకుండా పెట్టిన ఖర్చు భర్త ఖాతాలోకే పోయింది. ఆ సంగతి చెప్పాను. ఫారంలో తనను ఏమని రాశానని ఆమె అడిగింది. ఫారం తీసి చూపించాను. ఆమె సంచిలోంచి పీఎఫ్ కార్డు తీసి దాని పక్కన పెట్టింది.

"రోజుకు వెయ్యి బీడీలు చుడుత. పీఎఫ్ కట్ అయితది. అడిగితే చెప్తుంటి గద సాహెబ్."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. నిజంగా సిగ్గుపడ్డాను.

రాజేశం తన పాయింట్లతో ఆమెను వెళ్ళి రమ్మన్నాడు. "ఒక్కదాన్నే పోవుడుకైతె ఇంత ప్లాన్ ఎందుకు?" అందామె. పున్నమి ప్రయాణం ఆగిపోయింది.

ఆ పూటే అనుబంధ కార్డు రద్దు చేయించి కొత్త దరఖాస్తు మొదలుపెట్టాను. బీడీ కూలి మీద మాత్రమే అడిగితే ముంబయి ఒప్పుకోకపోవచ్చు. కానీ బీడీ బోనసులతో ఆమె వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మా శాఖలోనే ఉంది. దాన్ని హామీగా పెడితే ఆదాయపు కాగితం అక్కర్లేకుండానే కార్డు ఇస్తారు, స్వాగత పాయింట్లూ అవే. ఏప్రిల్లో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది. ఈసారి గడి దగ్గర పెన్ను ఆపాను. ఆమె చెప్పింది, నేను రాశాను: బీడీ కార్మికురాలు.

దీపావళికి సాంచాలు మళ్ళీ ఆగాయి. సెలవుల తర్వాత సుగుణ వచ్చి రెండు బోర్డింగ్ పాసులు నా బల్ల మీద పెట్టింది. సీట్ల నంబర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఏమైనా చూశారా అని అడిగితే, పోయేటప్పుడు రాజేశం దారంతా నిద్రపోయాడనీ, తాను కిటికీలోంచి చూశాననీ చెప్పింది.

మిగిలిన సర్వీసులో ఎవరి వృత్తినీ అడగకుండా రాయలేదు. ఇది చిన్న నియమమే, చేరిన మొదటి వారంలోనే బ్యాంకు నేర్పుతుంది. నాకు ఒంటబట్టడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. మా అమ్మ కూడా బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఉద్యోగంలో చేరిన రోజు నింపిన ఫారంలో తల్లి వృత్తి అన్నచోట నేను 'గృహిణి' అనే రాశాను.