నిమ్మకాయల ముందు రేసు బ్రేకులు

మా బామ్మర్దికి తన చిన్న కారును రేసు ట్రాక్ మీద నడిపే సరదా ఉంది. ఈసారి ట్రాక్ కోసమని, బాగా వేడెక్కితేనే గట్టిగా పట్టే బ్రేకు ప్యాడ్లు వేయించాడు. కొత్తవి కదా అని మా అత్తగారు మిర్యాలగూడలో గుడి ముందు కారుకు పూజ చేయించింది. నిమ్మకాయలు తొక్కి ఆగాల్సిన కారు పూజారి పళ్ళెం కూడా తొక్కింది.

“వేడైతేనే పట్టుతయమ్మా,” అన్నాడు బామ్మర్ది.

“అయితే పొయ్యి మీద పెట్టాల్నారా? గివి మార్సకుంటే ట్రాక్ బంద్!”

చల్లగా ఉన్నా పట్టే రకం ప్యాడ్లు వేయించాడు అతను. అత్తగారు ముందు సీట్లో కూర్చుని వేములపల్లి వైపు పోనిమ్మంది. అక్కడ రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. దగ్గరదాకా పోనిచ్చి, “ఇగ ఆపు!” అంది. ఒక్క గింజ కూడా తొక్కకుండా కారు ఆగింది.

“ఇగ ట్రాక్‌కు పో బిడ్డా. గాడ గూడ వడ్లున్నయనుకొని నడుపు.”