అయిదు బీడీల మందం

గోడలు కూలిన వార్తలు నేను చాలా రాశాను. ఆర్మూరు విలేకరిగా ప్రతి వానాకాలం రెండో మూడో పంపేవాణ్ని. ‘వర్షాలకు నాని గోడ కూలి’ అని మొదలుపెడితే మిగతాది చెయ్యే రాసుకుపోయేది. ఆ ‘నాని’ అనే మాటంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. తప్పంతా ఆకాశం మీదికి నెట్టి, గోడ కట్టినవాణ్ని, కట్టించినవాణ్ని ఇన్నేళ్లూ ఆ ఒక్క మాటతోనే వదిలేశాను. కట్టించినవాళ్లలో నేనూ ఉన్నానని తెలియడానికి నా ఇంటి గోడకే పొట్ట రావలసి వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, గుట్ట దిగువన వాలు జాగాలో ఇల్లు కట్టుకున్నాను. మా దగ్గర బేస్మెంట్ అంటే మొరం పోసి గట్టిచేసిన ఇంటి అడుగు. అంత మొరం పోయించడం నాకు దండగనిపించింది. ఆ అడుగును బోలుగా ఉంచి, కింది గల్లీలోకి తలుపు పెట్టి, అద్దెకిచ్చే గదిగా ఒక అర్ర తీయించాను. దాని వెనుక గోడ మొత్తం మట్టిలో ఉంటుంది. గోడ వెనుక ఏం నింపాలని మేస్త్రి అడిగాడు. తవ్విన నల్లరేగడి పక్కనే కుప్పగా ఉంది. అదే నింపమన్నాను. మేస్త్రి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, “సరే సార్” అన్నాడు. ఆ చూపు ఎందుకో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ అర్రలో ఒకావిడ అద్దెకు దిగింది. బీడీలు చుట్టి కూతుర్ని చదివించుకుంటోంది. ఒళ్లో చాట పెట్టుకుని, వెనుక గోడకు ఆనుకుని పొద్దంతా కూచునేది.

“సారూ, గోడ ముందలికి వస్తున్నది” అంది ఒకరోజు.

“గోడ ఎట్లొస్తదమ్మా?”

“నాకేమెరుక. బట్టల పెట్టెలు, సందుగ మీద సందుగ పెట్టిన. మీదిది గోడకు తాకుతున్నది, కిందిది తాకుతలేదు.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. గోడ పైభాగాన ఉన్న మేకుకు బీడీలు కట్టే దారం ముడేసి, చివర ఒక రాయి వేలాడదీసింది. దారం గోడ నడుముకు ఒరుసుకుని, అక్కడి నుంచి నిటారుగా దిగింది. అడుగున దారానికీ గోడకీ నడుమ సందు మిగిలింది. ఆ సందులో బీడీలు పక్కపక్కన పెట్టి చూపించింది. రెండు పట్టాయి.

మేస్త్రిని పిలిపించాను. అతను గోడను అరచేత్తో తట్టి, “కడుపుతోని ఉన్నది సార్. ఫికర్ చెయ్యకుండ్రి, ఇంక నెలలు నిండలే” అన్నాడు. మళ్లీ నవ్వాను.

“నిండినంక కనేది మా తల్లీబిడ్డల మీదనే గద మేస్త్రీ” అంది ఆమె.

గోడ నిటారుగా ఉందో లేదో దారంతో చూసే తూకం గుండు అతని సంచిలో ఉంది. బయటికి తీయలేదు. గోడకు పైనా కిందా మందంగా, నడుమ పలచగా సిమెంటు పూశాడు. సున్నం వేసేసరికి పొట్ట మాయమైంది. పని బాగుందని అతన్ని నేను మెచ్చుకున్నాను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

వానలు వెళ్లి మూడు నెలలైనా గోడ తడి ఆరలేదు. ఛాతీ ఎత్తున, ఈ కొస నుంచి ఆ కొసకు, అడ్డంగా పగులు తీసింది. ఆమె మళ్లీ దారం కట్టింది. ఈసారి మూడు బీడీలు పట్టాయి.

“పోయినసారి రెండు, ఇప్పుడు మూడు. ఒక్కటే గద పెరిగింది” అన్నాను.

“ముందటి రెండు సిమెంటు కింద దాచిండ్రు సారూ. ఇవి మూడు వేరే. మొత్తం అయిదు. దినాం వెయ్యి చుడుత, నాకు లెక్క రాదా?”

అప్పుడు భయమేసింది. ఆ భయాన్ని కోపం చేసుకుని ఎగువ ఇంటాయన మీదికి పోయాను. ఆయన దొంకేశ్వర్ నుంచి వచ్చి స్థిరపడిన పసుపు రైతు. వాకిట్లో కొమ్ములు ఆరబోస్తున్నాడు. నీ జాలారిలో స్నానం చేసిన నీళ్లే నా గోడలోకి దిగుతున్నాయని అరిచాను.

“మా నీళ్లు ముందలి మోరీలకు పోతయి. రా, సూడు” అన్నాడు ఆయన, చేతిలోని కొమ్ములు కింద పెట్టకుండానే. “పేపరాయనవు, సూడకుంటనే రాస్తవా?”

చూశాను. ఆయన నీళ్లు ఇంటి ముందరి మురుగు మోరీలోకే పోతున్నాయి.

తల్లీకూతుళ్లను పైన మా ముందర గదిలోకి మార్చాం. భీమ్‌గల్ నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించాను. వస్తూనే గుండు తీసి, ఆవిడ కట్టిన దారం పక్కనే వదిలాడు. రెండూ ఒక్కటే చెప్పాయి. గోడకు పలకలు ఆనించి, కర్రలు ఏటవాలుగా తన్నిపెట్టి, ఆ తర్వాతే బయటివైపు మట్టి తవ్వించాడు. రెండడుగులు దిగగానే నా స్నానాలగది పైపు కనిపించింది. అతుకు ఊడి ఉంది. నేను పోసుకున్న ప్రతి చెంబూ ఆ రేగడిలోకే దిగింది.

“రేగడి నీళ్లు తాగితే ఉబ్బుతది, గోడను నూకుతది” అన్నాడు ముసలాయన. “గిది వాన పని కాదు సార్. మీ తానం పని.”

రేగడంతా ఎత్తిపోయించాడు. పొట్ట వచ్చిన మేర గోడ విప్పి, రాతితో మందంగా కట్టాడు. నీళ్లు బయటికి రావడానికి గోడ అడుగున పైపు ముక్కలు పెట్టాడు. వెనుక కంకర, దాని వెనుక మొరం నింపి, నా పైపును ముందు మోరీకి తిప్పాడు. మొదటి రోజు నేను దండగనుకున్న మొరమే అది.

ఆ ఏడు వానల్లో మాక్లూర్ వైపు ఒక ఇంటి గోడ కూలింది. వెళ్లి, చుట్టూ తిరిగి, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, గోడ వెనుక ఏం నింపారో రాసి పంపాను. తెల్లారి పేపర్లో నాలుగే లైన్లు వచ్చాయి, ‘వర్షాలకు నాని’ అనే మొదలై. పేపర్ను విసిరికొట్టాను గాని, పేపరాఫీసువాళ్లకు ఆ వాక్యం అలవాటు చేసింది నాలాంటివాళ్లమే.

వానలు పూర్తిగా తగ్గాక ఆవిడను కింది అర్రలోకి తీసుకెళ్లి గోడ చూపించాను. ఆమె దారం కట్టింది. ఒక్క బీడీ కూడా పట్టలేదు.

“మంచిగైంది సారూ.”

“మరి సందుగలు దించుదామా?”

“వద్దు. వేరేతాన అర్ర చూసుకున్న.”

“గోడ సక్కగైంది గదమ్మా?”

“గోడకు మేస్త్రి దొరికిండు. నేను చెప్తె మీరు ఇనకపోతిరి, దానికి ఏ మేస్త్రిని తెస్తరు?”

కోపంగా అనలేదు. మేకు నుంచి దారం విప్పి, వేలికి చుట్టుకుని, చాటలో వేసుకుంది. రాయి మాత్రం గోడ అడుగునే వదిలి వెళ్లింది.