వదిన, ప్లాటినం తీగ, పసుపు మంట

నాకు ముక్కుమీదే కోపం. బడిలో కెమిస్ట్రీ చెప్తాను, నా కేకలు తినని పిల్లాడు లేడు. అలాంటి నన్ను కూడా నవ్వించి చంపే మనిషి ఒకతె ఉంది. మా అన్నయ్య భార్య. హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. పెద్ద పెద్ద గిన్నెల ముందు నిలబడి, ఉప్పు గుప్పిటతోనే తీసి వేస్తుంది.

పెళ్ళితో ఆగిపోయిన బడి చదువును వదిన ఈమధ్య మళ్ళీ పట్టుకుంది. నర్సు కావాలని పట్టుదల. రాత పరీక్షలన్నీ గట్టెక్కింది, కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటి మిగిలింది. నర్సింగులో చేరడానికి వయసు హద్దు ఈ ఏడాదితో సరి. ఇది తప్పితే ఇక జన్మలో సీటు రాదు.

సాయంత్రాలు మా ల్యాబులోనే సాధన చేయించాను. యాసిడ్‌లో జింకు ముక్క వేసి, గొట్టం మూతి దగ్గర వెలిగించిన పుల్ల పెట్టగానే టప్పుమని పేలింది. వదిన వెనక్కి గెంతింది.

"అమ్మాయ్! నన్ను చంపుదామనా? ఉండు, మీ అన్నయ్యతో చెప్తా!"

"హైడ్రోజన్ వదినా అది. ఆ చప్పుడే దాని గుర్తు."

"ఎక్కడున్నా అరిచి చెప్తుందన్నమాట. అచ్చం నీలాగే."

అమోనియా రాగానే తడి ఎర్ర లిట్మస్ నీలంగా మారింది. వదిన అటు చూడనే లేదు. ముక్కు మూసుకుని, "మా మెస్ బాత్రూమే" అంది. నాకు కడుపు చెక్కలయింది.

పరీక్ష రోజున వదిన టిఫిన్లు వండేసి, మెస్ నుంచి నేరుగా మా ల్యాబుకే వచ్చింది. వేరే బడి నుంచి వచ్చిన పరీక్షకుడు సీరియస్‌గా కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడవచ్చు గానీ నోరు విప్పకూడదు. నాకు అంతకన్నా శిక్ష ఉంటుందా!

ఆవిడకు అదేమిటో తేల్చమని ఒక తెల్లపొడి వచ్చింది. యాసిడ్ పోయగానే బుసబుసా పొంగింది. ఆ వాయువును సున్నపుతేటలోకి పంపితే పాలలా తెల్లబడింది. కార్బొనేట్ తేలింది, హమ్మయ్య అనుకున్నాను. ఇక మంట రంగును బట్టి లోహం సంగతి చూడాలి. వదిన ప్లాటినం తీగ తీసుకుని, గరిటె తుడిచినట్టు వేళ్ళతో శుభ్రంగా తుడిచింది. కొంచెం పొడి అంటించి మంటలో పెట్టింది. మంట పసుపుపచ్చగా భగ్గుమంది. "సోడియం" అని రాయడానికి పెన్ను అందుకుంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పొడి సీసాలో నింపింది నేనే, అది సోడియం కాదు. అయ్యో వదినా, ఆగవే తల్లీ అని లోపల్లోపలే మొత్తుకున్నాను.

పెన్ను ఆగింది. వదిన పొడిని కాసిని నీళ్ళలో వేసి కలిపింది. కరగలేదు, అడుగున అలాగే కూర్చుంది. కాసేపు దాన్ని చూసింది. తరవాత తన చేతుల వైపు చూసుకుంది. లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. తీగను యాసిడ్‌లో ముంచి కాల్చడం, మళ్ళీ ముంచి కాల్చడం, మంటకు రంగు రాకుండా పోయేదాకా అదే పని. అప్పుడు యాసిడ్‌తో తడిపిన పొడిని అంటించింది. ఈసారి మంట ఇటుక ఎరుపు. అరవకుండా నోరు నొక్కుకున్నాను.

పరీక్షకుడు దగ్గరకు వచ్చాడు. "పసుపు వచ్చిందిగా, మళ్ళీ ఎందుకు చేశారు?"

"సోడియమైతే ఈ పొడి నీళ్ళలో కరగాలండీ. కరగలేదు. మరి ఆ పసుపు ఎక్కడిదా అని చూస్తే నా వేళ్ళకున్న ఉప్పుది. పొద్దున్నే వంట చేసి వచ్చానండీ. ఆ మంట నన్ను చూపించింది, పొడిని కాదు. ఇటుక ఎరుపు కాల్షియానిది. ఇది కాల్షియం కార్బొనేట్."

ఆయన పకపకా నవ్వాడు. "పాసయ్యారు, వెళ్ళండి" అన్నాడు.

వరండాలోకి వచ్చి వదిన అన్నయ్యకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, నాకూ వినబడాలని.

"ఏవండీ, పాసయ్యాను! వచ్చేటప్పుడు తెల్లబూట్లు తెండి. నర్సులు వేసుకునేవి. నా కాలి కొలత తెలుసుగా?"



"పోయిన నెలే కొన్నానే. మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి" అన్నాడు అన్నయ్య.

వదిన మెట్ల మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, నా కళ్ళకే సరిగ్గా కనబడటం లేదు.

"చూశావా అమ్మాయ్, మీ అన్నయ్య నన్ను నెల ముందే పాస్ చేసేశారు" అంది.