మాట వెనక పసుపు రంగు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వెబ్ పేజీలు చెయ్యడం నేర్చుకున్న నాకు మొదట దొరికిన పని తెనాలిలో ఒక పెళ్లి సంబంధాల ఆఫీసుది. ఫొటోల ఆల్బమ్‌లు పక్కన పెట్టి, సంబంధాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టించాలని ఆ ఆఫీసు పెద్దమనిషి ముచ్చట. రోజూ రేపల్లె నుంచి రైల్లో వెళ్లి టైపు చేసేదాన్ని. వాటిలో మా అక్క వివరాలూ ఉన్నాయి. అక్క పెళ్లి ఏడాది తిరక్కుండానే చెడింది. బాపట్లలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, చాలా కాలానికి "సరే, ఇంకోసారి చూద్దాంలేవే" అని తనే ఫొటో ఇచ్చింది.

పేజీలు చూసి పెద్దమనిషి మెచ్చుకున్నారు. ఆ తర్వాత మెల్లగా అసలు సంగతి బయటపెట్టారు.

"చూడమ్మా, రెండో పెళ్లి ఆడపిల్లలున్నారే, వాళ్లకి ఆ మాట వెనక పసుపు రంగు కొట్టు. జనానికి ముందే కనబడుద్ది, మనకి మాట రాదు."

"మరి మగవాళ్లకండీ?"

"వాళ్లకెందుకమ్మా!"

నాకు ఒళ్లు మండిపోయింది. శుభలేఖకి పసుపు పెట్టే మనిషే, ఆ రంగుని ఇందుకు వాడమంటున్నాడు! ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అంటే ఇదే.

రంగు ఒక్కొక్కరికీ విడిగా వెయ్యక్కర్లేదు. పేజీలన్నిటి రంగులూ రాసిపెట్టే స్టైల్ షీట్‌లో ఒక గుర్తు పేరున ఒక్కచోట రాస్తే, ఆ గుర్తు తగిలించిన ప్రతిచోటా అక్షరాల వెనక పరుచుకుంటుంది. నేను రెండో సంబంధం మగవాళ్లకీ తగిలించాను. వాళ్లలో ఆయన సొంత తమ్ముడూ ఉన్నాడు.

మర్నాడు ఆఫీసు కప్పు ఎగిరిపోయేలా కేకలేశారు. "మావాడి పరువు తీస్తావా?"

"ఆయనదీ రెండో సంబంధమేగా అండి."

"మగాడితో పోలికేంటి? తీసెయ్."

"తీస్తే అందరికీ తీస్తానండి."

"నువ్వు మానెయ్ తల్లీ" అని ఇంకొకరిని పెట్టుకున్నారు.

ఆ ఆదివారం బాపట్ల వెళితే, తన పేజీ చూపించమని అక్క ఇంటర్నెట్ సెంటర్‌కి లాక్కెళ్లింది. మగవాళ్లంతా నిక్షేపంగా తెల్లగా ఉన్నారు. అక్క వివరాల మధ్య 'విడాకులు' అన్న మాట వెనక మాత్రం పచ్చటి పసుపు.

అక్క తెరంతా వెతికింది. "నా ఎమ్మెస్సీ రాయలేదేంటే?" అంది.

రాశాను. ఆ పసుపు మాట పక్కనే ఉంది. టైపు చేసిన నాకే వెతుక్కోవాల్సి వచ్చింది.