గడ్డం మీద మాస్కు

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నాకు నమ్మకం లేదు. అయినా చెబుతున్నాను. ఇన్నేళ్ళుగా దీన్ని మోసి మోసి అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. నా ధైర్యమంతా అదే.

నాంపల్లి స్టేషన్ పక్క సందులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. వేరే రాష్ట్రంలో ఒక అణు కర్మాగారంలో ప్రమాదం జరిగి, ఒక గది నిండా రేడియేషన్ దుమ్ము పడింది. దాన్ని తుడవడానికి మా మనుషుల్ని రైలెక్కించి తీసుకెళ్ళాను. వాళ్ళందరిలో పెద్దవాడు యాదగిరి. అప్పుడాయన అయ్యప్ప మాలలో ఉన్నాడు. మాలలో ఉన్నవాళ్ళు గడ్డం తీయరు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు, సందుల్లోంచి దుమ్ము లోపలికి పోతుంది. అందుకే గడ్డమున్న మనిషిని ఆ గదిలోకి పంపకూడదు. మాకు అన్నిటికంటే ముందు నేర్పింది అదే. మాస్కులు చూసి సరే అనాల్సింది నేనే.

విడతకు ఇద్దరు వెళ్ళాలి. ఆ రోజు ఒకతనికి జ్వరం. తక్కినవాళ్ళ వంతు అయిపోయింది, ఒక మనిషికి ఇంత రేడియేషనే తగలొచ్చని లెక్క ఉంటుంది కాబట్టి వాళ్ళను మళ్ళీ పంపడానికి లేదు. మిగిలింది యాదగిరి.

యాదగిరి మాస్కు పెట్టుకుని, తీసి, నా దగ్గరికొచ్చాడు.

"సార్ స్వామీ, గడ్డం కాడ జర గాలి వస్తున్నట్టుంది. మాల ఉంది గదా, తియ్యరాదు. పోవాల్నా, వద్దా? మీరెట్ల చెప్తే గట్ల."

"ఏం కాదు స్వామీ. అయ్యప్ప చూసుకుంటాడు, వెళ్ళండి."

వెళ్ళాడు. ఆ దేవుడి పేరు నా నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చింది? నేను ఇంకెవరి పేరు చెప్పినా ఆయన ఆగేవాడేమో. సాయంత్రం కర్మాగారం పెద్దసార్లు వచ్చి, ఎవరి మాస్కయినా సరిగా లేకపోతే చెప్పు, ఒంట్లోకి ఏమైనా పోయిందేమో పరీక్ష చేయిస్తామన్నారు. అందరివీ బాగున్నాయన్నాను.

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఎవరో భుజం తట్టారు. యాదగిరే. నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయాసం. ఊపిరితిత్తులు పాడయ్యాయట. బీడీ కూడా ముట్టని మనిషి. దవాఖానలో పాత పనుల గురించి అడిగితే, మాస్కు సరిగ్గానే ఉండె, మా సారు చూసి పంపిండు అని చెప్పాడట. నా గురించి గొప్పగా చెప్పానన్నట్టు నవ్వాడు. పైగా "ఆ రోజు నా దీక్ష నిలబెట్టిన్రు సార్" అంటూ నా చేతులు పట్టుకున్నాడు. ఇద్దరం చాయ్ తాగాం. మాట నోటిదాకా వచ్చింది. చాయ్‌తో పాటే మింగేశాను.

ఆ దుమ్ము వల్లే వచ్చిందా ఈ జబ్బు? నాకు తెలియదు. తెలుసుకునే దారి అప్పుడూ నేనే మూశాను, మొన్న కూడా నేనే మూశాను.

ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఇంకోటి. ఆయన దీక్షకు మర్యాద ఇచ్చానని. పని ఆగితే అందరికీ నష్టమని. అవేవీ కావు. ఆయన వెళ్ళకపోతే ఆ గదిలోకి నేను వెళ్ళాలి. నేను రోజూ నున్నగా గడ్డం గీసుకునేవాణ్ణి. మాస్కు నా ముఖానికి చక్కగా అతుక్కునేది. నాకు భయమేసింది. ఆయన్ని పంపాను.

ఈ మాట ఇవాళే మొదటిసారి బయటికొచ్చింది. గుండె కొంచెం తేలికైంది. అలా తేలికైనందుకు కూడా సిగ్గుగానే ఉంది.