నల్లబల్ల మీద చిన్నమ్మ రాత

దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. కాకపోతే మనస్తత్వశాస్త్రం పేరెత్తినా అంతే మండుతుంది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. ఆదోని బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నన్ను పెంచిన చిన్నమ్మ ఎమ్మిగనూరులో ఒక్కతే ఉండేది. ఆమె పుట్టింది హొళగుందలో. కన్నడమే చదివింది. ఆ అక్షరాలు మన వాటిలాగే ఉన్నా, ఆమె గొలుసుకట్టు రాత నాకు అంతుపట్టేది కాదు, ఆ భాషా రాదు. ఆమె కార్డు రాస్తే నా తోటి అయ్యవారు గురురావు చదివి చెప్పేవాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం నల్లబల్ల మీద భిన్నాల లెక్క వేస్తున్నాను. పిల్లలు నవ్వారు. చూస్తే లెక్క కింద కన్నడ అక్షరాలు! సుద్దముక్క నా చేతిలోనే ఉంది. పక్క తరగతిలోంచి గురురావును పిలిచాను.

"'బాగిలు తెగి' అని రాసినావు. తలుపు తీయమని," అన్నాడు. "అచ్చం మీ చిన్నమ్మ రాతే."

ఎమ్మిగనూరు బస్సుకు బయలుదేరబోయాను. అతను చేయి పట్టుకున్నాడు. ట్రైనింగులో మనస్తత్వశాస్త్రం చదివినవాడు.

"యాడికి పోతావప్పా? ఆ కార్డులు ఎన్నిసార్లు సూసినావో! నీకు తెలీకుండానే నీ అచేతన మనసు దాసిపెట్టుకునింది. ఇప్పుడు బయటపడింది, అంతే."

చదువుకున్నవాడి మాట. ఆగిపోయాను.

మరునాడు కబురు అంది పోయేసరికి చిన్నమ్మ శవాన్ని అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. లోపల పడి కాలు విరిగిందట. గడియ అందలేదట. పొద్దున్నే తలుపు పగలగొట్టారట. పక్కింటామె ఏడుస్తూ చెప్పింది: "నిన్న పొద్దు గూకేదాకా లోపల తలుపు కొట్టినట్టు సప్పుడు అయితానే ఉండె నాయనా. మగ్గం సప్పుడనుకుంటిమి."

పరామర్శకు వచ్చిన గురురావు అప్పుడైనా ఊరుకోలేదు. "పోయినసారి ఆమె తూలేది సూసింటావు. నీ అచేతన మనసుకు అప్పుడే తెలిసింటుంది."

"అంత తెలిసింటే నాకు తెలుగులో సెప్పేదానికి ఏం రోగమప్పా దానికి?" అని అరిచాను.

"కోపం వద్దు. ఆమె పోతే బాగుండునని లోలోపల నీకే ఉండెనేమో, అందుకే నువ్వు..."

మాట పూర్తి కానివ్వలేదు. చొక్కా పట్టుకుని వీధిలోకి నెట్టాను. మళ్ళీ ఆ మనిషితో మాట్లాడలేదు.

ఆ అచేతన మనసు కనపడదు, వినపడదు, ఏం జరిగినా దాని పనే అంటారు. దయ్యానికీ దానికీ తేడా ఏమిటో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. ఆ అక్షరాలు నా చేతికి ఎలా వచ్చాయో నేటికీ తెలియదు. బస్సెక్కకుండా ఆగిపోయింది మాత్రం నేనే. పూర్తి మెలకువలోనే ఉన్నాను.