కల్లం మీద కాయ, కోర్టులో వాయిదా

నా చిన్నప్పుడు మార్చి నెల వచ్చిందంటే ఒంటిపూట బళ్లు. బడి విడవగానే బ్రాడీపేటలోని మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, నాయనమ్మ సర్దిపెట్టిన క్యారియరు అందుకుని, మా తాతయ్యకు భోజనం ఇవ్వడానికి కోర్టుకు వెళ్లేవాణ్ణి. ఆయన గుంటూరులో పేరున్న సివిలు ప్లీడరు. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతిని మా బంధువులు, కోర్టు వరండాల్లో పాతవాళ్లు ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. మబ్బు పట్టి పంట తడిసిపోయేలా ఉంటే, ఎదుటి పక్షం మనిషని కూడా చూడకుండా, మా తాతయ్య ఒక పేద రైతమ్మను పంట కాపాడుకోమని పంపించారని ఆ కథ. ఆయన సంతాపసభలో దాన్ని చెప్పింది నేనే. నేనూ నల్లకోటు వేసుకున్నాక ఇంకా చాలా చోట్ల చెప్పాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ కథలో ప్రతి మాటా జరిగిందే. అయినా అది నిజం కాదు. నిజం ఏమిటో ఇప్పుడైనా రాసిపెట్టాలి.

సివిలు దావా అంటే బయటివాళ్లు వాదనలు అనుకుంటారు. వాదన అందులో చిటికెడు. మిగిలినదంతా ఎదురుచూపు. మా తాతయ్యకు చట్టం ఎంత తెలుసో పంటలూ అంత బాగా తెలుసు. ఎదుటి మనిషి పొగాకు రైతైతే ఆకు ఆరబెట్టే బ్యారన్లు కాల్చే రోజుల్లో వాయిదా పడేలా చూసుకునేవారు. పత్తి రైతైతే తీతల రోజుల్లో. మిరప రైతైతే కాయ కల్లం మీదికి చేరిన రోజుల్లో. ఇందులో నేరమేమీ లేదు. ఏదో ఒక తేదీ వేయాలి గదా. ఫలానా వారమైతే నాకు వీలవుతుందండీ అని ప్లీడరు అడుగుతాడు, జడ్జిగారు వేస్తారు. కోర్టుకు వస్తే పంట పోతుంది, రాకపోతే కేసు పోతుంది. రెండు పంటలు అలా నలిగాక ఎంత మొండి రైతైనా రాజీకి దిగేవాడు. దీన్ని మా తాతయ్య 'కాలం చేత వాదించడం' అనేవారు. ఆ మాట ఆయన ఎంత ముచ్చటగా అనేవారంటే, అదేదో గొప్ప విద్య అనుకునేవాణ్ణి.

ప్రత్తిపాడు వైపు ఒక పల్లె నుంచి ఒక రైతమ్మ కోర్టుకు వచ్చేది. భర్త పోయాడు. మగపిల్లలు లేరు, చిన్న ఆడపిల్ల ఒక్కతే. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నప్పుడు ఆ నల్లరేగడి చేను తన వాటాకే వచ్చిందని, వదిన దౌర్జన్యంగా సాగు చేసుకుంటోందని ఆవిడ మరిది దావా వేశాడు. మా తాతయ్య మరిది తరఫు. చేను పోతే ఆవిడకు కూలికి పోవడం తప్ప దారి లేదని మా ఇంట్లో భోజనాల దగ్గర అన్నది మా తాతయ్యే. జాలిగానే అన్నారు. ఆవిడ బోనెక్కి ఉన్నదున్నట్టు చెబితే మన దావా నిలవడం కష్టం అని కూడా ఆ ముద్దలోనే అన్నారు. అప్పటికే పంట రోజుల్లో పడ్డ వాయిదాలకు ఆవిడ రాలేకపోయింది. ఈసారి రాకపోతే ఇక అవకాశం ఇవ్వనని జడ్జిగారు చెప్పేశారు. అందుకని ఆ రోజు వచ్చింది, కల్లం నిండా కాయ వదిలేసి.

నేను క్యారియరుతో వెళ్లేసరికి ఆవిడ వరండాలో స్తంభానికి ఆనుకుని, ఒళ్లో చిన్న మూట పెట్టుకుని కూర్చుంది. మా తాతయ్య గుమాస్తా ఆటపట్టిస్తున్నాడు.

"ఏమ్మా, సాక్ష్యానికొచ్చావా, సంతకొచ్చావా? మూటేంది?"

"సద్దన్నమయ్యా. మీ కోర్టులో పొద్దు గడుస్తదిగానీ పని జరగదు గదా. ఆకలి మాత్రం టయానికే అవుద్ది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గుమాస్తా కూడా నవ్వి, మా తాతయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, భోజనాలవగానే మొదట పిలిచేది మన కేసేనండీ, జడ్జిగారి బెంచీ గుమాస్తా చెప్పాడు అన్నాడు. నేను క్యారియరు గిన్నెలు విడదీస్తూ అది విన్నాను.

అంతలోనే పడమట మబ్బేసింది. మార్చి మబ్బు మా వైపు ఎలా కమ్ముతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. వరండాలో ఉన్న రైతులంతా మాటలాపి ఆకాశం వైపు చూశారు. ఆ రైతమ్మ లేచి మెట్ల దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి కూర్చుంది, మళ్లీ లేచింది. ఆవిడ ప్లీడరు కుర్రవాడు. నేనొచ్చేదాకా కదలొద్దని చెప్పి వేరే కోర్టులోకి వెళ్లాడు. అడగడానికి ఇంకెవరూ కనిపించక, ఆవిడ మా తాతయ్య దగ్గరికే వచ్చింది.

"బాబుగారూ, మీరు అవతలోళ్ల ప్లీడరే అనుకోండి. అయినా పెద్దోరు. కాయంతా కల్లం మీదుందండీ. పిల్లదొక్కతే ఉంది, దాని చేత కాయ మీద కప్పే పట్టా కూడా లెగవదు. తడిసిందంటే తాలైపోద్ది, మిర్చి యార్డులో ఎవడూ ముట్టుకోడు. నన్నేం చెయ్యమంటారు?"

మా తాతయ్య ఆవిణ్ణి కూర్చోమన్నారు. క్యారియరు మూతలో తన మజ్జిగ పోసి నా చేత ఇప్పించారు. ఆవిడ తాగేదాకా ఆగి, మా ఇంట్లో జ్వరం వచ్చిన పిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నారు: "చేతికొచ్చిన పంటమ్మా. వెళ్లు తల్లీ, వెళ్లి చూసుకో. కోర్టు ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంటుంది."

ఆవిడ కళ్లు నిండాయి. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మూట చంకలో పెట్టుకుని బస్టాండు వైపు దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లిపోయింది. ఇంతవరకే కథ. ఇంతవరకే నేను సభల్లో చెప్పేవాణ్ణి.

మా తాతయ్య భోజనం ముగించి, చేయి కడుక్కుని, కోటు సర్దుకుని లోపలికి వెళ్లారు. నేను ఎప్పటిలాగే తలుపు దగ్గర నిలబడ్డాను. కేసు పిలిచారు. బంట్రోతు ఆవిడ పేరు వరండాలోకి గట్టిగా కేకేశాడు. ఎవరూ పలకలేదు. ఆవిడ ప్లీడరు కూడా రాలేదు. జడ్జిగారు తలెత్తి, ఆవిడ ఇవాళ కూడా రాలేదా అని అడిగారు. మా తాతయ్య నిదానంగా లేచారు.

"పొద్దున కనిపించారండి. వెళ్లిపోయినట్టున్నారు."

జడ్జిగారు రాసుకున్నారు. ఆవిడ తరఫు సాక్ష్యం అక్కడితో మూసేశారు. బయట అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

రిక్షాలో ఇంటికొస్తుంటే మా తాతయ్య నా మొహం చూసి కనిపెట్టారు. ఏరా, నేను అబద్ధమేమన్నా ఆడానా అని అడిగారు. ఆయన అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. లేదు తాతయ్యా అన్నాను. మరి ఇంకేం అని, నా భుజం తట్టి, మడత మంచం దుకాణం పక్కన రిక్షా ఆపించి సోడా తాగించారు. అబద్ధం ఆడకుండా మనిషిని నిలువునా ముంచవచ్చని నేను నేర్చుకున్నది ఆ రోజే. ఆ చదువుకు నాకు తర్వాత ఏ లా కాలేజీ అవసరం లేకపోయింది.

నిజానికి ఆ వానకు కాయ తడవలేదు. ఆవిడ వేళకు చేరుకుంది. నాలుగు రోజులు గడిచాక ఒక పొద్దున మా ఇంటి గుమ్మంలో దిగింది, నెత్తిన చిన్న బస్తాతో. ఎర్రగా నిగనిగలాడే ఎండుమిరపకాయలు, ఏరి ఏరి తెచ్చినవి. అయ్యగారి మాట పుణ్యాన దక్కిన కాయమ్మా, మీ నోట పడితే నాకు తృప్తి అని నాయనమ్మతో చెప్పింది. కోర్టులో ఏం జరిగిందో ఆవిడకు అప్పటికి తెలియదు. ఆవిడ ప్లీడరు చెప్పలేదు. మా తాతయ్య లోపలి గదిలో కాగితాలు చూసుకుంటున్నారు. బయటికి రాలేదు. తీసుకో, ప్రేమగా తెచ్చింది అని లోపలి నుంచే అన్నారు. ఆ వేసవిలో మా ఇంట్లో ఆవకాయ పట్టింది ఆ కారంతోనే. అందరూ రంగు బాగుందన్నారు. నేనూ తిన్నాను, అన్నంలో నెయ్యి వేసుకుని, ఏడాది పొడవునా.

చేను మరిదిదేనని తీర్పు వచ్చాక గానీ ఆవిడకు సంగతి తెలియలేదు. దాన్ని కొట్టేయించడానికి ఆవిడ ప్లీడరు అర్జీ పెట్టాడు. ఆ రోజు ఎందుకు వెళ్లిపోయావో కారణం చూపించాలి. ఎదుటి ప్లీడరే వెళ్లమన్నాడని రాద్దాం అని ఆ కుర్రవాడు ఎంతగానో బతిమాలాడట. ఆవిడ ఒప్పుకోలేదు. మంచి మాట చెప్పిన మనిషిని కోర్టుకీడుస్తానా, నాకు పుట్టగతులుండవు అందట. తన ఇష్టంతోనే వెళ్లానని ప్రమాణం చేసి వేలిముద్ర వేసింది. మా తాతయ్య లేచి, తన ఇష్టంతోనే వెళ్లానని ఆవిడే చెబుతోంది గదండీ అన్నారు. అర్జీ కొట్టేశారు. గుమాస్తా మా ఇంటి అరుగు మీద ఈ సంగతి చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వాడు. మా తాతయ్య నవ్వలేదు. ఆయన మొహంలో ఆ నిమిషం ఏముందో ఈ వయసులో కూడా నేను తేల్చుకోలేను. సిగ్గు అని అనుకోవాలని ఉంది. కానీ సాక్ష్యం లేదు.

చేను మరిది చేతికి వెళ్లింది. అదే చేలో ఆవిడ కోతలకు కూలికి వెళ్లిందని తర్వాత విన్నాను. అంత జరిగాక కూడా, కోర్టు మెట్లెక్కిన ఇన్నేళ్లలో నాతో మనిషిలా మాట్లాడింది ఆ అవతలి ప్లీడరుగారొక్కరే అని ఊరందరితో చెప్పేదట. మా తాతయ్య దయ గురించిన కథ పుట్టింది మా ఇంట్లో కాదు. ఆవిడ నోట్లో. అది ఊళ్లు తిరిగి తిరిగి మా ఇంటికి వచ్చింది, మేం కాదనలేదు.

నేను ప్లీడరునయ్యాను. కాలం చేత వాదించాను. గెలిచాను కూడా. ఎన్ని కల్లాలు, ఎన్ని పత్తి చేలు నా వాయిదాల కింద నలిగాయో నేను లెక్కపెట్టుకోలేదు. అడిగేవాడూ లేడు. ఈ వృత్తిలో మనం ముంచినవాళ్లు కేకలు వేయరు. బస్సెక్కి ఊరికి వెళ్లిపోతారు.

కిందటి వానాకాలంలో ఒకావిడ నా ఆఫీసుకు వచ్చింది. నాకంటే కాస్త చిన్నది, చేతులు మాత్రం ముసలివి. ఇంటి స్థలం తగాదా. ఊళ్లో ఇంతమంది లాయర్లుండగా నా దగ్గరికే ఎందుకొచ్చారని మామూలుగా అడిగాను.

"మా అమ్మ చెప్పిందండీ. పోయేముందు కూడా అదే మాట. ఎప్పుడన్నా కోర్టు పని పడితే ఆ ప్లీడరుగారి ఇంటికే పోవే, వాళ్ల మాట చల్లనిది అంది."

తల్లి ఎవరో చెప్పింది. ఆ మిరపకాయల బస్తా తెచ్చినావిడే. ఆ పని తీసుకుని, ఫీజు వద్దని, గెలిపించి పంపవచ్చు. ఒక నిమిషం అదే అనుకున్నాను. కానీ అది మళ్లీ ఒక మూతెడు మజ్జిగే అవుతుందనిపించింది. తలుపు వేసి, అంతా చెప్పాను. భోజనాలవగానే కేసు పిలుస్తారని మా తాతయ్యకు తెలుసని, నాకూ తెలుసని, జడ్జిగారు అడిగినప్పుడు ఆయన ఏమన్నారో, ఏమనలేదో, అన్నీ.

ఆవిడ చివరిదాకా విన్నది.

"ఆ రోజు కల్లం మీదున్నది నేనేనండీ. పట్టాకి ఒక కొస నేను, ఒక కొస మా అమ్మ. మేం తడుస్తానే కప్పాం. కప్పతా కప్పతా ఆయనకి దణ్ణం పెట్టుకుంది మా అమ్మ." బల్ల మీది కాగితాలు దగ్గరికి లాక్కుంది. "మా బాబాయి ముంచాడు. మా ప్లీడరు ముంచాడు. కోర్టు సరేసరి. ఆ కేసులో మా అమ్మకి మిగిలింది ఆ ఒక్క మంచిమాటేనండీ. అది చెప్పుకునే బతికింది. ఇప్పుడు అదీ లాగేసుకున్నారా మీరు?"

ఆవిడ స్థలం కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది. తలుపు తీయబోయి వెనక్కి తిరిగి, "అయితే మా అమ్మ పిచ్చిదంటారా?" అంది. నేను కాదన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. మళ్లీ రాలేదు. ఆ స్థలం కేసు ఎవరు చూస్తున్నారో, వాయిదాలు ఏ నెలలో పడుతున్నాయో నాకు తెలియదు.

ఆ మార్చి మధ్యాహ్నం నుంచి నేను మోస్తున్నది ఒక నిజమని, ఎప్పుడో ఒకప్పుడు దాన్ని దింపుకుంటే తేలికపడతానని నమ్ముతూ వచ్చాను. దింపాను. తీసుకెళ్లి ఆ తల్లి కూతురి నెత్తిన పెట్టాను. నా మీద బరువు మాత్రం రవ్వంతైనా తగ్గలేదు.